ఖాళీ కుర్చీ ఫోటోలు

2004 ఆగస్టు తొమ్మిదో తేదీ, సోమవారం, ఉదయం పదిన్నర గంటలకు మా మండల కార్యాలయంలో అధికారి గారి బల్ల మీద ఒక చిన్న అట్టపెట్టె విప్పారు. అందులో అరచేతిలో ఇమిడిపోయే డిజిటల్ కెమెరా ఒకటి ఉంది. నా ఉద్యోగ జీవితంలో వరదలు, ఎన్నికలు, తనిఖీలు చాలానే చూశాను గాని, నన్ను నిజంగా భయపెట్టిన సంగతి ఆ పెట్టెలోంచే వచ్చింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఈ మాట వింతగా తోచవచ్చు. మీ చొక్కా జేబులో ఉన్న ఫోను అంతకంటె మంచి కెమెరా. నడవడం రాని పిల్లవాడు కూడా దాన్ని వేలితో నొక్కి ఫోటో తీస్తాడు. మా రోజుల్లో అలా కాదు. ప్రభుత్వ వస్తువు చేతికొచ్చిందంటే దాన్ని వాడడం కంటె పాడుచేయకుండా తిరిగి అప్పగించడమే పెద్ద బాధ్యత. మా ఇంట్లో కళాశాల చదువు చదివిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న కొబ్బరికాయలు ఒలిచే కూలి. అటువంటి ఇంట్లోంచి వచ్చినవాడికి ఏ యంత్రాన్నయినా దాని పుస్తకం చివరిదాకా చదివిన తరువాతే ముట్టుకోవాలన్న నియమం ఉండడం సహజం.

పింఛనుదారులందరికీ ఫోటోలున్న కొత్త కార్డులు ఇవ్వాలని అప్పుడు ఉత్తర్వు వచ్చింది. ఆ పనికే ఈ కెమెరా. అధికారి గారు దాన్ని నా ముందుకు జరిపారు. నా పక్క కుర్చీలో కూర్చునే సీనియర్ అసిస్టెంటు గారు మనిషి మంచివాడే గాని ఆయన నోటికి హద్దు లేదు. "డిగ్రీ చదివినోడివి కదయ్యా. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, కెమెరా కూడా ఇంగ్లీషులోనే మాట్లాడుతుందేమో. మీరిద్దరూ ఓ మూల కూర్చుని మాట్లాడుకోండి" అన్నారు.

ఆ పూట పుస్తకంలో సగం చదివాను. మీట నొక్కితే కెమెరా ముక్కు ముందుకు పొడుచుకొస్తుంది. ఫోటో తీసే బొత్తాన్ని ముందు సగం నొక్కి ఆపాలి. చిన్న చప్పుడు వినిపించాక పూర్తిగా నొక్కాలి. వెనక ఉన్న చిన్న తెరమీద తీసిన బొమ్మ వెంటనే కనిపిస్తుంది. అయితే ఆ తెర వెలుగుతున్నంతసేపూ బ్యాటరీలు కరిగిపోతాయి. అందుచేత తెర ఆర్పి, పైనున్న చిన్న రంధ్రంలోంచి ఒంటికన్నుతో చూసి తీయాలని మేమే తీర్మానించుకున్నాం.

మొదటి ఫోటో అధికారి గారిదే తీశాను. ఆయన కళ్ళు రెండూ నిప్పుకణికల్లా ఎర్రగా పడ్డాయి. ఆయన ముఖం మాడ్చుకున్నారు. "ఇదేంటయ్యా, జిల్లా వాళ్ళు చూస్తే ఆఫీసుకి తాగొచ్చాననుకుంటారు" అన్నారు. మెరుపు గుర్తున్న బొత్తాన్ని ఒకటి రెండుసార్లు నొక్కి చూశాను. తెరమీద కన్ను బొమ్మ ఒకటి వచ్చింది. మళ్ళీ తీస్తే కళ్ళు మామూలుగా వచ్చాయి. ఆ కన్ను గుర్తును ఎవరూ కదపకూడదని ఆయన ఆజ్ఞాపించారు. ఆ తరువాత పుస్తకాన్ని, అట్టపెట్టెను, వారంటీ కాగితాన్ని సర్కారు ఆస్తిగా లెక్క రాయించి బీరువాలో పెట్టి తాళం వేయించారు. నేను చదవని సగం అందులోనే ఉండిపోయింది.

ఆ వారంలోనే నన్ను ఒక లంక గ్రామానికి పంపారు. నరసాపురానికి ఎగువన, గోదావరి నడిమధ్య ఉన్న ఊరు అది. వరదనీరు ఎర్రగా, చిక్కగా పారుతోంది. పడవలో దాటుతున్నంతసేపూ కెమెరాను పాలిథీన్ సంచిలో చుట్టి చొక్కా లోపల పొట్టకు ఆనించి పట్టుకున్నాను. ఊరి కార్యదర్శి పాఠశాల గదిలో ఏర్పాటు చేశారు. గోడకు నీలం దుప్పటి కట్టి, దాని ముందు ప్రధానోపాధ్యాయుడి చేతుల కుర్చీ వేశారు. కరెంటు లేదు. వాన పట్టి ఆకాశం గది గుమ్మంలోకి దిగివచ్చినట్టు ఉంది. ఫ్లాష్ లేకుండా ఫోటో తీయడం అసాధ్యం.

ముసలివాళ్ళందరూ బల్లల మీద వరుసగా కూర్చున్నారు. వాళ్ళలో చాలామందికి పెళ్ళిళ్ళలోనో, నరసాపురం స్టూడియోలోనో ఒకటి రెండుసార్లు ఫోటో దిగిన అనుభవం ఉంది. ఆ అనుభవం వారికి ఒకటే నేర్పింది. వెలుగు పడేదాకా కదలకూడదు, వెలుగు పడ్డాక లేచిపోవచ్చు. నేను కూడా అంతే అనుకునేవాణ్ణి.

ముందుగా వచ్చినవాడు పడవ తాత. పింఛను వయసు వచ్చినా పడవ వదలని మనిషి, ఎండుకొమ్మలా గట్టిగా ఉన్నాడు. వరదకు కొట్టుకొచ్చే దుంగలను ఈదుకెళ్ళి పట్టి ఒడ్డుకు చేర్చడంలో ఆ లంకలో అతనికి సాటి లేదట. "తొరగా కానివ్వండి బాబూ, దుంగలు నాకోసం ఆగవు" అన్నాడు. ఫ్లాష్ మెరవగానే కుర్చీలోంచి పక్కకు దూకినట్టు లేచి గుమ్మం దాటాడు. అందరూ నవ్వారు. తరువాత పక్షవాతం వచ్చిన ఒక ఆవిడను ఎత్తుకొచ్చి కూర్చోబెట్టారు. ఆ తరువాత లేసు అల్లే మామ్మగారు వచ్చారు. గువ్వంత మనిషి, తెల్లని చీర, చేతిలో దారపుండలున్న సంచి. కుర్చీ పక్కన సంచి దించి, ముఖం తుడుచుకుని, నావైపు నిటారుగా చూశారు. మెరుపు మెరిసింది. వెంటనే లేచి, వంగి సంచి తీసుకుని వెళ్ళి తన చోట కూర్చుని మళ్ళీ అల్లిక మొదలుపెట్టారు.

మరికొందరివి తీసేసరికి వాన ఆగింది. తీసిన బొమ్మలు చూపించమని అందరూ అడిగారు. చూపించవలసిన అవసరం లేదు. అయినా అప్పటికప్పుడు బొమ్మ కనిపించడం నాకే ఒక మహిమలా ఉండేది. తెర వెలిగించి మొదటి బొమ్మ పెట్టాను.

నీలం దుప్పటి ఉంది. చేతుల కుర్చీ ఉంది. కుర్చీలో ఎవరూ లేరు.

ఎవరో "తాతేడండి?" అన్నారు. నేను తరువాతి బొమ్మకు పోయాను. పక్షవాతం ఆవిడ కనురెప్పల వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉంది. మూడోదానికి పోయాను. మళ్ళీ దుప్పటి, మళ్ళీ కుర్చీ. మామ్మగారు లేరు. మిగిలినవాటిలో కొందరికి తల ఒకవైపు చెరిగిపోయినట్టుంది, కొందరు మామూలుగా ఉన్నారు. పూర్తిగా లేనివాళ్ళు ఆ ఇద్దరే. మామ్మగారు అల్లిక ఆపి, నా మోచేతి దగ్గరకు వచ్చి, ఆ చిన్న తెరలోకి చాలాసేపు చూశారు. మళ్ళీ తీద్దామని నేను తొందరపడేలోపే తెర నల్లబడింది. బ్యాటరీలు అయిపోయాయి. వచ్చే వారం మళ్ళీ వస్తానని చెప్పి రేవుకు నడిచాను. సాగనంపడానికి ఎవరూ రాలేదు. నవ్వులతో మొదలైన చోటునుంచి అలా ఒంటరిగా రావడం నాకు బాగా గుర్తు.

వారం తిరగకముందే కబురు వచ్చింది. వరద ఇంకా పెరిగిన రోజు పడవ తాత దుంగ కోసం నదిలోకి దిగాడు. దుంగను పట్టుకోవడం, దానితోపాటు సుడిలోకి తిరగడం ఒడ్డున ఉన్నవాళ్ళు చూశారు. దుంగ ఒక్కటే పైకి తేలింది. మనిషి దొరకలేదు. అక్కడికి సముద్రం ఎంతో దూరం లేదు.

మర్నాడు కార్యదర్శి ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిలబడి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ కెమెరా కంటికి కనబడనివాళ్ళు ఈ భూమ్మీద ఉండరని లంకంతా అనుకుంటున్నారట. తాతను అది చూడలేదు, తాత పోయాడు. ఇక రెండో ఖాళీ కుర్చీ మామ్మగారిది. ఆవిడ మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం మానేశారు. ఒంట్లో జ్వరం గాని నొప్పి గాని ఏమీ లేవు. చిన్నప్పటినుంచి చేతిలో ఉన్న లేసు సూదిని కోడలికి ఇచ్చేశారు. "మంచినీళ్ళు కూడా బతిమాలితేనేనండి. ఇలాగే ఉంటే ఈ ఆదివారం దాటదంటున్నారు. మీరోసారి రావాలండి" అన్నాడు. ఇక ఫోటోల మాటకొస్తే, కెమెరా ఆ ఊళ్ళో అడుగుపెడితే ఎవరూ గడప దాటి రారన్నాడు.

సీనియర్ అసిస్టెంటు గారు పక్కనుంచి విన్నారు. కార్యదర్శి వెళ్ళాక, "యముడు మనాఫీసుకి కెమెరా శాంక్షన్ చేశాడన్నమాట. మన బడ్జెట్లో అంత మంచి వస్తువు ఎలాగొచ్చిందా అనుకున్నాను" అన్నారు. నాకు నవ్వు రాలేదు. అధికారి గారు జిల్లా సమావేశానికి వెళ్ళారు, పుస్తకం ఉన్న బీరువా తాళం ఆయన సంచిలోనే ఉంది. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక, నీలం దుప్పటి లేకపోయినా, గోడ ముందు కుర్చీ వేసి ఆయనను కూర్చోమన్నాను. ఎగతాళి చేస్తూనే కూర్చున్నారు. మెరుపు మెరిసింది. "అయిందా?" అంటూ పక్క బల్ల మీది గ్లాసు కోసం లేచారు.

తెరమీద చూశాం. కుర్చీ ఉంది. కుర్చీ వీపు మీద ఆయన ఆరవేసుకున్న తువ్వాలు ఉంది. ఆయన లేరు.

ఇరవై ఏళ్ళుగా నోరు మూయడం తెలియని ఆ మనిషి ఆ బొమ్మను చూసి, కుర్చీ చేతిని ఒకసారి తడిమి చూసుకుని, "ఈ సంగతి మా ఆవిడకి చెప్పకయ్యా" అన్నారు. గుమ్మం దగ్గరకు పోయి నిలబడ్డారు. చీకటి పడుతోంది. నేను చదువుకున్నవాణ్ణి. ఇలాంటివి నమ్మకూడదని నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో ఆ కెమెరాను బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళనివ్వనిది ఒక్కటే. రెండు మైళ్ళ అవతల, నది మధ్యలో, నేను చూపించిన బొమ్మ మూలాన ఒక ముసలావిడ అన్నం తినడం లేదు.

ఇంక కూర్చునేవారెవరూ లేరు కనుక నన్నే తీసుకోవాలి. అధికారి గారి గదిలో చేతులు కడుక్కునే చోట అద్దం ఉంది. దాని ముందు నిలబడి కెమెరాను ఛాతీ దగ్గర పట్టుకుని బొత్తాం నొక్కాను. అంతవరకూ ఎప్పుడూ కెమెరా వెనకనుంచే చూశాను, అక్కడినుంచి ఆ వెలుగంతా ఒకే మెరుపుగా తోచేది. మొదటిసారి దాన్ని ఎదటినుంచి చూశాను. అద్దంలో చిన్న వెలుగు టపటపా రెప్పలు కొట్టింది. తరువాత చీకటి. ఒక మనిషి గాలి పీల్చి వదిలేంత వ్యవధి. ఆ తరువాత పెద్ద వెలుగు. అప్పుడు గాని లోపల చప్పుడు కాలేదు.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే. కన్ను గుర్తు చేసే పని అదే. ఎదటి మనిషి కనుపాప ముడుచుకోవడానికి ముందుగా ఒక మెరుపు వేసి, కొంచెం ఆగి, అసలు ఫోటో రెండో మెరుపులో తీస్తుంది. మొదటిది చూసి ఫోటో అయిపోయిందని లేచినవాళ్ళు అందులో పడరు. అధికారి గారు మాత్రం తన కళ్ళు ఎలా పడతాయోనన్న శ్రద్ధతో బిగదీసుకుని కూర్చున్నారు కనుక పడ్డారు. సీనియర్ గారిని పిలిచి అద్దంలో చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, "సరే, మరి పడవ తాత?" అన్నారు. నేను కెమెరా ఆపి సంచిలో పెట్టాను.

మర్నాడు ఉదయమే లంకకు వెళ్ళాను. వరద తీసింది. ఒడ్డంతా ఒండ్రు, కాలు పెడితే పిక్కదాకా దిగుతోంది. వీధిలో నన్ను చూసిన ఒక ఇల్లాలు తన మామగారి భుజం పట్టి అరుగుమీంచి లేపి లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. కార్యదర్శి, నేను ఇద్దరమే ఆ వీధిలో నడిచాం. పక్కింటి కిటికీలోంచి ఎవరో చూస్తున్నారు గాని, నేను తలెత్తగానే ముఖం తప్పుకునేది.

మామ్మగారి పెంకుటింట్లో కోడలు నన్ను రమ్మంది. మసక వెలుతురున్న నట్టింట్లో మంచం. ఆవిడ గోడవైపు తిరిగి ఉన్నారు. నేను వచ్చిన పని చెప్పి, మెరుపులు రెండని, మొదటిదానికి ఆవిడ సంచికోసం లేచి వంగారని, అందుకే పడలేదని వివరించాను. నేను ఆఫీసులో నోట్ రాసే భాషలో మాట్లాడానని నాకే తెలుస్తోంది. ఆవిడ గోడతోనే అన్నారు.

"ఆ పడవాయన్ని కూడా అది చూళ్ళేదు బాబూ. గోదారి తీసుకుపోయింది. నన్నెందుకు లేపుతావు? మళ్ళీ బొమ్మలో లేకపోతే ఎలాగ?"

వాళ్ళింటి కుర్చీ ఒకటి తెచ్చి గోడకు వేసి, కెమెరా కోడలి చేతికిచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించి నేనే కూర్చున్నాను. మొదటి మెరుపు రాగానే పక్కకు లేచాను. తెర వెలిగించి మంచం దగ్గరకు తీసుకెళ్ళాను. ఖాళీ కుర్చీ. "చూడండి మామ్మగారూ, నేనూ లేను" అన్నాను.

ఆవిడ ఇటు తిరిగారు. తెరను చూశారు. తరువాత నన్ను చూశారు. ఆ చూపులో ఎంత జాలి ఉందో చెప్పలేను.

"నువ్వు కూడానా నాయనా. పిల్లలెంతమంది?" అన్నారు.

నేను తెచ్చిన వివరణ అంతా ఆ ఒక్క మాటతో గాలిలో కలిసిపోయింది. కోడలు కెమెరాను దూరంగా పట్టుకుని నావైపు చూస్తోంది. కార్యదర్శి గుమ్మం అవతలికి జరిగాడు. మళ్ళీ కూర్చున్నాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని మొదటి మెరుపు దాటనిచ్చాను. చీకటి. ఆ వ్యవధిలో కోడలి గాజుల చప్పుడు కూడా వినిపించలేదు. రెండో మెరుపు. తెరలో నేనున్నాను, చెమటలు కక్కుతూ, కళ్ళు పెద్దవి చేసుకుని.

ఆవిడ లేచి కూర్చున్నారు. నేను పాత బొమ్మలు ఒకటొకటే తిప్పాను. పక్షవాతం ఆవిడ ఉంది. మోకాళ్ళు పనిచేయని ముసలాయన ఉన్నాడు. ఊతకర్ర వెతుక్కుంటూ ఉండిపోయిన ఆవిడ ఉంది. "వెంటనే లేవలేనివాళ్ళే అందరూ పడ్డారండి. చటుక్కున లేచినవాళ్ళు పడలేదు. ఈ ఊళ్ళో తాత తరువాత అంత చురుకైనవారు మీరేనండి" అన్నాను.

ఆవిడ ఆలోచించారు. "అయితే ఇన్నాళ్ళు మంచం మీదున్నదాన్ని ఇప్పుడు బాగానే పడతానన్నమాట" అన్నారు. కోడలు ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఇద్దరం పట్టి కుర్చీలో కూర్చోబెట్టాం. కెమెరా నేను తీసుకున్నాను. బొమ్మ చెదరకుండా మోచేతులు పక్కలకు నొక్కిపెట్టుకున్నాను. మొదటి వెలుగు వచ్చింది. ఆవిడ శరీరం అలవాటుగా ముందుకు ఊగి ఆగింది. వేళ్ళు కుర్చీ అంచును పట్టుకున్నాయి. ఆ కాస్త చీకటిలో నాకు ఒక్కటే అనిపించింది. ఇప్పుడు కూడా కుర్చీ ఖాళీగా వస్తే, ఈ గడప దాటి బయటకు నేనెలా వెళతాను? రెండో వెలుగు వచ్చింది.

ఉన్నారు. ముడతలు, ముక్కుపుడక, కొద్దిగా తెరిచిన నోరు, అన్నీ ఉన్నాయి. ఆవిడ తెరమీద వేలు పెట్టి తన ముఖాన్ని తాకి చూసుకున్నారు. "ఇంత ముసలిదాన్నయిపోయానా" అన్నారు. ఆ తరువాత పాత బొమ్మ మళ్ళీ చూపించమన్నారు. ఖాళీ కుర్చీని చాలాసేపు చూసి, "ఇందులో లేనప్పుడు నేనెక్కడున్నానంటావు?" అని అడిగారు. సంచి దగ్గర ఉన్నారన్నాను. తల ఊపారు, నమ్మినట్టు కాదు, నన్ను బాధపెట్టడం ఇష్టం లేనట్టు. కోడలిని పిలిచి గంజి కాయమన్నారు. కాసేపాగి, సూది తెమ్మన్నారు.

నేను లేస్తూంటే గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. పడవ తాత భార్య. ఆవిడ ఎంతసేపటినుంచి అక్కడుందో తెలియదు. వాళ్ళింట్లో తాత ఫోటో ఒక్కటి కూడా లేదని, నేను తీసింది కావాలని అడిగింది. అందులో ఆయన లేడని, కుర్చీ మాత్రమే ఉందని నేను ఎంతో జాగ్రత్తగా చెప్పాను.

"తెలుసండి. లేచెళ్ళిపోయాడు కదా. అప్పుడే లేచాడు. ఇంకా కుర్చీ వెచ్చగానే ఉంటదండి" అంది.

ఆ బొమ్మను నరసాపురంలో కాగితం మీద వేయించి పంపాను. తరువాత ఒకసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు అది గోడమీద ఉంది. నీలం దుప్పటి, చేతుల కుర్చీ, చుట్టూ బంతిపూల దండ. ఆ గోడకు ఎదురుగా కూర్చుని వాళ్ళిచ్చిన మజ్జిగ తాగాను గాని, తలెత్తి దానివైపు రెండోసారి చూడలేకపోయాను. ఇప్పుడైనా చూడగలనని మీతో అనలేను.

జిల్లా సమావేశంనుంచి వచ్చాక అధికారి గారు బీరువా తెరిచి పుస్తకం ఇచ్చారు. మిగిలిన సగం చదివి, కన్ను గుర్తు తీసేశాను. లంకలో మిగిలినవారి ఫోటోలన్నీ ఆ తరువాత ఒక్క మెరుపుతోనే తీశాను. ఒక్కరు కూడా తప్పిపోలేదు. సీనియర్ అసిస్టెంటు గారు మాత్రం పదవీ విరమణ సన్మానంలో కూడా కెమెరా ముందు కూర్చోలేదు. మామ్మగారు ఆ కార్డు మీద ఇంకా చాలా ఏళ్ళు పింఛను తీసుకున్నారు.